పక్క చక్రాల స్కూటర్‌కు ఆర్‌సీలో నమోదు తప్పనిసరి

ప్రశ్న: పోలియో వల్ల నా కుడికాలు పనిచేయదు, సదరం సర్టిఫికెట్ ఉంది. ఎనిమిది నెలల కిందట మెకానిక్ చేత గేర్లు లేని స్కూటర్‌కు రెండు పక్క చక్రాలు పెట్టించుకున్నాను, ఆర్‌సీలో మార్పు చేయించలేదు. మొన్న పోలీసులు ఇది నేరమన్నారు. చక్రాలు తీసేయాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: తీసేయనక్కర్లేదు. అయితే నమోదు చేయించకుండా తిరగడం మాత్రం ఇక మానండి.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదన్నది మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. కానీ ఆ ఏడే పార్లమెంటు చేసిన సవరణ ప్రకారం, దివ్యాంగుల వాడకం కోసం సొంత బండిని నిర్ణీత షరతుల మేరకు మార్పించుకుని, తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం పొందవచ్చు. మార్పు జరిగిన 14 రోజుల్లో ఆ సంగతి తెలియజేసి ఆర్‌సీ సమర్పించాలి. మీకు ఆ గడువు దాటింది గనుక, ఆలస్యానికి కారణం రాసి, సదరం సర్టిఫికెట్, మెకానిక్ బిల్లు, రెండు వైపుల నుంచీ తీసిన ఫొటోలు జతచేసి ఆర్టీఏ కార్యాలయంలో వెంటనే దరఖాస్తు చేయండి. బండి అప్పు మీద ఉంటే ఫైనాన్స్ సంస్థ నుంచి రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోండి.

దరఖాస్తు తర్వాత ఆర్టీఏ వాళ్లు చేసే తనిఖీలో అసలు ఇబ్బంది చక్రాల అమరిక దగ్గర వస్తుంది. నేను చూసిన ఒక కేసులో ఇన్‌స్పెక్టర్ పక్క చక్రాన్ని చేత్తో పట్టి ఊపారు. చట్రానికి వేసిన వెల్డింగ్ అక్కడే కదిలింది. పుణెలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న కిట్ కాకపోతే, దాన్ని మార్పించుకున్నాకే తనిఖీకి వెళ్లండి. అది మీ ప్రాణానికి సంబంధించిన విషయం. పైగా అనుమతించని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ వాహనాన్ని దివ్యాంగుడు గానీ, ఆయన కోసం మరొకరు గానీ మాత్రమే వాడాలని చట్టంలో ఉంది. కాబట్టి మీ ఇంట్లో మరొకరు దీన్ని తమ డ్యూటీకి తీసుకెళ్లకూడదు. మీ డ్రైవింగ్ లైసెన్సులో దివ్యాంగుల వాహనం అనే తరగతి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ దాన్నే సాకుగా చూపుతుంది.

అధికారి తిరస్కరిస్తే నోటిమాటతో వెనుదిరగవద్దు. రాతపూర్వక ఉత్తర్వు అడిగి తీసుకుని, అది అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేయండి. వాహనాలను దివ్యాంగులకు అనువుగా మార్చేందుకు ప్రభుత్వమే పథకాలు రూపొందించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 41వ సెక్షన్‌లో ఉన్న సంగతిని అందులో తప్పక ప్రస్తావించండి.