అప్పు చేసి ట్రౌట్ వేటకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. పరవాడలోని ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. నెలకు చేతికి 85,000 రూపాయలు వస్తుంది. మధురవాడ ఫ్లాటుకు గృహరుణ వాయిదా 27,500, ఇంటి ఖర్చులు 42,500. పొదుపు ఖాతాలో 70,000 ఉంది. నా భార్య, ఇద్దరు పిల్లలు, 66 ఏళ్ల అమ్మ నాపై ఆధారపడి ఉన్నారు. గాలం వేయడం నాకు చిన్ననాటి సరదా. ఈ మే నెలలో అందరం హిమాచల్‌లోని తీర్థన్ లోయకు వెళ్లి ట్రౌట్ చేపలు పట్టాలని కోరిక. ఖర్చు 2.5 లక్షలు. బ్యాంకు యాప్‌లో ముందే మంజూరైన వ్యక్తిగత రుణం 15 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో సిద్ధంగా ఉంది. అత్యవసరానికి 3 లక్షల పరిమితి గల క్రెడిట్ కార్డూ ఉంది. రుణం తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మీ లేఖలో నన్ను కలవరపెట్టింది విహారయాత్ర కాదు, చివర్లో మీరు క్రెడిట్ కార్డును ప్రస్తావించిన తీరు. విశాఖలో మంచి జీతాలు తెచ్చుకుంటున్న కుటుంబాల్లో సైతం ఈ పొరపాటు తరచుగా కనిపిస్తోంది కనుకనే మీ ప్రశ్నను ఎంచుకున్నాను. బ్యాంకు ఇస్తానన్న అప్పును చాలామంది తమ సొంత సొమ్ముగా లెక్క వేసుకుంటున్నారు. ఆ రుణమైనా, కార్డు పరిమితి అయినా మీకు నెలనెలా జీతం వస్తున్నంత కాలమే మీ ముందు ఉంటాయి. కంపెనీలో ఉత్పత్తి నిలిచి జీతం ఆగిన నెలలో, అంటే మీకు నిజంగా డబ్బు కావలసిన నెలలోనే, రుణం కనుమరుగు కావచ్చు, కార్డు పరిమితిని బ్యాంకు తగ్గించనూ వచ్చు. ఒకవేళ కార్డు పనిచేసినా, బాకీపై నెలకు 3.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 40 శాతం దాటుతుంది. దాన్ని అత్యవసర నిధి అనడం నాకు మింగుడు పడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ ఇల్లు గడవడానికి, వాయిదా కట్టడానికి నెలకు 70,000 కావాలి. మీ పొదుపు కూడా సరిగ్గా అంతే, అంటే ఒక్క నెల ఊపిరి. గృహరుణ వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా పరిగణిస్తుంది కాబట్టి, కనీసం మూడు నెలల ఖర్చు, 2,10,000 రూపాయలు, ముందు మీ చేతిలో ఉండాలి. నెలకు మిగిలే 15,000 మొత్తం దీనికే కేటాయిస్తే పది నెలల్లో ఆ మెట్టు ఎక్కుతారు. అదే 2.5 లక్షల రుణం తీసుకుంటే నెలకు సుమారు 8,670 వాయిదా పడి, మిగులు 6,330కి పడిపోతుంది. అదే నిధి కూడడానికి ఇరవై రెండు నెలలు దాటుతుంది, వడ్డీ కింద దాదాపు 62,000 అదనంగా పోతుంది. చేపలు తినేసి మూడేళ్లయ్యేదాకా వాటి బాకీ తీరుస్తూ ఉండటమన్నమాట.

ఈ నిధిని స్వీప్ సౌకర్యం (మిగులు సొమ్ము తనంతట తానే డిపాజిట్‌గా మారి, అవసరమైతే వెనక్కి వచ్చే ఏర్పాటు) ఉన్న ఖాతాలోనో, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లోనో ఉంచండి, కొంత మాత్రం నగదుగా ఇంట్లో పెట్టుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు, ఏటీఎంలు రోజుల తరబడి మూగబోవడం ఈ నగరంలో అందరికీ గుర్తుండే ఉంటుంది.

బీమా సంగతి మీరు రాయలేదు. కంపెనీ బృంద పాలసీలో అమ్మగారు ఉన్నారో లేదో ఈ వారమే చూడండి. లేకపోతే వచ్చే బోనస్‌తో ఆమెకు విడిగా పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా సొమ్ము రాని నిరీక్షణ కాలం మూడేళ్ల దాకా ఉండవచ్చు కనుక ఆలస్యం పనికిరాదు. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. ఆయుష్మాన్ భారత్ కింద 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా లభించే 5 లక్షల రక్షణ ఆమెకు అందడానికి ఇంకా నాలుగేళ్లుంది. మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము అందించే టర్మ్ పాలసీ మీ పేరిట కూడా గృహరుణాన్ని మించేలా ఉండాలి. బంగారంపై రుణం కాస్త చౌక కావచ్చు గానీ, విహారానికి అదీ వద్దు.

మీ యాత్రను రద్దు చేసుకోమనడం లేదు, వచ్చే ఏడాది అక్టోబరుకు జరపమంటున్నాను. హిమాచల్‌లో ట్రౌట్ వేటకు నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు నిషేధం. జులై, ఆగస్టు వానల్లో నదులు బురదగా పారతాయి. అక్టోబరులో నీరు తేటపడుతుంది, పిల్లలకు దసరా సెలవులూ ఉంటాయి. నిధి నిండాక పది నెలల పాటు మిగులులో 10,000 యాత్రకు, 5,000 నిధికి వేస్తే చేతిలో లక్ష ఉంటుంది. ఆ లక్షకు తగ్గట్టుగా, విమానం బదులు ఢిల్లీ వరకు ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి ఔట్ అనే ఊరి మీదుగా తీర్థన్ లోయ దగ్గరి బంజార్ దాకా రోడ్డు ప్రయాణం పెట్టుకోండి. కొండ చరియలు విరిగిపడితే రెండు రాత్రులు అదనంగా ఉండేందుకు కొంత విడిగా ఉంచండి. 2023 జులై వరదల్లో మండీ, కుల్లూ మధ్య దారి మూసుకుపోయి పర్యాటకులు చిక్కుకుపోయిన సంగతి తెలిసిందే. వేటకు హిమాచల్ మత్స్యశాఖ అనుమతి పత్రం తప్పనిసరి. గాలం కర్ర, రీలు మాత్రం కొనవద్దు, అక్కడి బస నిర్వాహకులను అడిగి అద్దెకు తీసుకోండి. వాటిని కూడా వాయిదాల్లో కొనాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.