రిలీవింగ్ లెటర్ కన్నా ముందు చూసుకోవాల్సింది

చిన్నా,

రాజీనామా ఇచ్చేశావని, కొత్త ఉద్యోగంలో చేరడానికి రెండు నెలలు పడుతుందని మీ అమ్మ చెప్పింది. ఎందుకు మానేస్తున్నావని అడగను, అది నీ ఇష్టం. బెంగళూరు పీణ్యాలో ఇన్నేళ్లు హెచ్ఆర్‌లో పనిచేసినవాణ్ణి కదా, నా బుర్ర నేరుగా కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మీదికే పోయింది.

నీ ఫోన్లో ఉన్న ఇన్సూరెన్స్ ఇ-కార్డు ఒకసారి తెరిచి చూడు. మీ అమ్మానాన్నల పేర్లు, కింద పాలసీ చెల్లే తేదీ కనిపిస్తాయి. ఆ తేదీని నమ్ముకోకు. అది కంపెనీ పాలసీది, నీది కాదు. సాధారణంగా నువ్వు రిలీవ్ అవగానే పాలసీ నుంచి తీసేయాల్సినవాళ్ల జాబితాలో, అంటే డిలీషన్ లిస్టులో నీ పేరు వెళ్తుంది, దాంతోపాటే ఇంట్లోవాళ్ల పేర్లూ పోతాయి. కార్డు మాత్రం ఫోన్లో భద్రంగా ఉంటుంది! ఆస్పత్రిలో టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) కౌంటర్ దగ్గర నంబరు కొట్టి చూస్తేగానీ సంగతి బయటపడదు. అడ్మిషన్ రాయించేశాక బిత్తరపోయి నాకు ఫోన్ చేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

గ్రూప్ పాలసీ (కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకునేది) నుంచి బయటికి వచ్చేవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారేందుకు ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు అవకాశం ఇచ్చాయి. దీన్ని మైగ్రేషన్ అంటారు. మీ నాన్నకు షుగర్ ఉంది కాబట్టి నీకిది ముఖ్యం. ఆయనకు కొత్తగా పాలసీ కొంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు, అంటే అన్నాళ్లూ వాటికి క్లెయిము ఇవ్వరు. 2024లో తగ్గించారు గానీ అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. మైగ్రేషన్లో అయితే ఆయన గ్రూప్ కవరేజీలో ఉన్న కాలాన్ని అందులోంచి తీసేస్తారు. అయితే అది పాత సమ్ ఇన్సూర్డ్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) వరకే. అయిదు లక్షలది పదికి పెంచుకుంటే పై అయిదు లక్షలకు వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచే.

అవకాశం ఉంది కదా అని అడగ్గానే చేతిలో పెట్టేస్తారనుకోకు. మెడికల్ టెస్టులు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. కంపెనీ ఇచ్చిన సౌకర్యాలన్నీ కూడా రావు. ముఖ్యంగా కాన్పు ఖర్చు. గ్రూప్‌లో చాలాచోట్ల మొదటి రోజు నుంచే ఇస్తారు, సొంత పాలసీల్లో దానికి విడిగా వెయిటింగ్ ఉంటుంది. కోడలు పిల్లతో ఆ మాట కూడా అనుకోండి.

ఈ వారంలోనే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టు. పాలసీ నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, మీ నాన్న ఏ తేదీ నుంచి కవరేజీలో ఉన్నాడు, సమ్ ఇన్సూర్డ్ ఎంత, ఇప్పటిదాకా పెట్టిన క్లెయిములు, ఇవన్నీ రాతపూర్వకంగా అడుగు. నీ సొంత మెయిల్ ఐడీని కాపీలో పెట్టడం మర్చిపోకు, ఆఖరి రోజు దాటాక ఆఫీసు మెయిల్ తెరుచుకోదు. ఫోన్లో అడిగితే ‘చూస్తాం సార్’ అంటారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకు తెలుసు! మైగ్రేషన్ దరఖాస్తు కూడా నోటీస్ పీరియడ్‌లోనే ఇన్సూరెన్స్ కంపెనీకి చేరాలి.

నీకూ కోడలికీ ఒక పాలసీ, అమ్మానాన్నలకు ఇంకోటి తీసుకో. అందరినీ ఒకే ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీలో) పెడితే ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి కడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట. ఆ ఇన్సూరెన్స్ కంపెనీ నచ్చకపోతే రెన్యువల్ సమయానికి పాలసీని వేరే ఇన్సూరెన్స్ కంపెనీకి మార్చుకోవచ్చు, దాన్ని పోర్ట్ చేయడం అంటారు. అది చివరి వారంలో అయ్యే పని కాదు, నెలన్నర ముందే కదలాలి.

కొత్త కంపెనీ మళ్లీ ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా, ఇదంతా దండగ అంటావేమో. ఇవ్వనీ. కొన్ని కంపెనీలు తల్లిదండ్రులను చేర్చుకోవు, చేర్చుకున్నవి కూడా మరుసటి ఏడాది తీసేయొచ్చు. నా మాట విని అమ్మానాన్నల పాలసీ మాత్రం ఉంచుకో.

ప్రపోజల్ ఫారంలో షుగర్ గురించి దాచమని ఏజెంటు సలహా ఇస్తే అతన్ని మార్చెయ్. కవరేజీ వరసగా అయిదేళ్లు నిండేదాకా, దాచారన్న సాకుతో ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు క్లెయిము ఎగ్గొట్టగలరు. మోసం రుజువైతే ఆ తర్వాత కూడా అంతే.

నువ్వు రాసిన ఫిర్యాదుకు ఇన్సూరెన్స్ కంపెనీ నెల దాకా జవాబివ్వకుండా నాన్చినా, ఇచ్చిన జవాబు సబబుగా లేకపోయినా మన జేపీ నగర్‌లోనే ఇలాంటి గొడవలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. అక్కడ ఫీజేమీ లేదు.

ఆదివారం జయనగర్ వచ్చేటప్పుడు మీ నాన్న షుగర్ రిపోర్టులు, పాత డిశ్చార్జి సమ్మరీలు పట్టుకురా. ఫారం ఇద్దరం కూర్చుని నింపుదాం.

పెదనాన్న