1926 నాటి సిగరెట్ కార్డులు అసలైనవో కావో ఎలా గుర్తించాలి?

లండన్‌లో పాత వస్తువుల సంతలో బ్రిటన్ రాజకీయ నాయకులు బాల్డ్విన్, మెక్‌డొనాల్డ్, చర్చిల్ బొమ్మలున్న సిగరెట్ కార్డులు కొన్నారనీ, ముఖాలన్నీ సరళరేఖలతోనే గీసి ఉన్నాయనీ, అవి అసలైనవో పునర్ముద్రణలో తెలియడం లేదనీ మీరు రాశారు. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటూ ఇటువంటి కార్డులు సేకరిస్తున్నాను కనుక, నష్టపోయి నేర్చుకున్న సంగతులు చెబుతాను.

మీ వర్ణనను బట్టి అవి జాన్ ప్లేయర్ అండ్ సన్స్ కంపెనీ 1926లో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన 50 కార్డుల వరుసలోవి. బొమ్మలు వ్యంగ్యచిత్రకారుడు అలిక్ రిచీ గీసినవి. నా దగ్గరున్న వాటిలో నాకు అత్యంత ఇష్టమైన వరుస ఇదే. ఆనాటికి చర్చిల్ బ్రిటన్ ఆర్థిక మంత్రి. యుద్ధకాలపు ప్రధానిగా మన మనసుల్లో స్థిరపడిపోయిన రూపం ఇంకా ఏర్పడని రోజుల్లో, పొగతాగేవారి జేబుల్లోకి చేరిన చర్చిల్‌ను ఆ చిన్న అట్టముక్క మీద చూడడం నాకు ఎప్పటికీ తనివి తీరని అనుభవం.

నేను మొదట కొన్న పూర్తి వరుస పునర్ముద్రణ అని, అసలు వాటి ధర చెల్లించిన తరువాతే తెలిసింది. అప్పటినుంచి పదింతలు పెద్దగా చూపే భూతద్దం లేకుండా ఏ కార్డూ కొనడం లేదు. నేటి నాలుగు రంగుల ముద్రణలో రంగు చుక్కలు ఒక క్రమంలో, చిన్న పువ్వుల్లా అమరి కనిపిస్తాయి. పాత శిలాముద్రణలో (లితోగ్రఫీలో) రంగు నిండుగా పరచుకుని ఉంటుంది, చుక్కలున్నా వాటికి అటువంటి క్రమం ఉండదు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూడండి: నీలితెలుపు కాంతితో మెరిస్తే ఆ కాగితం 1926 నాటిది కాదనే అనుకోవాలి. మెరవనంత మాత్రాన అసలైనదని మాత్రం నిర్ధారించుకోకండి. కార్డును తిప్పి, వెనకవైపు అంచుల్లో పునర్ముద్రణ అని చిన్న అక్షరాలతో ఉందేమో వెతకండి; ఆ భాగాన్ని కత్తిరించి అమ్మేవారూ ఉంటారు కాబట్టి కొలత కూడా చూడండి. మామూలు కార్డు సుమారు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది.

అసలైనవే అయినా పెద్ద ధర ఆశించకండి, ఎందుకంటే ఇటువంటి వరుసలు విస్తారంగా పంచినవి. మూలలు నలగకుండా ఉన్నవాటికే కాస్త విలువ. పీవీసీ సంచుల్లో మాత్రం ఉంచవద్దు, కాలక్రమేణా ఆ ప్లాస్టిక్ నుంచి వెలువడే ఆమ్లం అట్టను పాడుచేస్తుంది. పాలియెస్టర్ సంచులు వాడండి. వెనకవైపు ఫొటోలు కూడా పంపితే, నా కార్డుల పక్కన పెట్టి పోల్చి చెబుతాను.