నీడతో పోరు లేని ముగింపు

ప్రశ్న: అర్సులా కె. లె గ్విన్ రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అనే ఫాంటసీ నవలను ఈమధ్యే చదివాను. మంత్రవిద్య నేర్చుకుంటున్న గెడ్ అనే యువకుడు పంతానికి పోయి, చనిపోయిన ఒక రాణి ఆత్మను పిలవబోయి, దానితోపాటు ఒక చీకటి నీడను లోకంలోకి వదులుతాడు. ఆ నీడ అతన్ని వెంటాడిన తీరు ఊపిరి సలపనివ్వలేదు. అయితే, నవల పొడవునా నేను ఎదురుచూసిన పోరాటం చివరికి జరగనే లేదు. ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడంతో కథ ముగిసింది. రచయిత్రి కష్టమైన ఘట్టాన్ని దాటవేశారని నా అభిప్రాయం. పైగా ఇందులో స్త్రీలకు చెప్పుకోదగ్గ చోటే లేదు. తరువాతి భాగాలు చదవమంటారా?

జవాబు: మీ రెండో ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది. మొదటిదాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. నవల ఇంకా చదవనివారు ఈ జవాబును తరువాత చదువుకోవడం మంచిది, ఎందుకంటే ముగింపును విప్పి చెప్పకుండా మీకు సమాధానం ఇవ్వడం సాధ్యం కాదు.

1968లో వెలువడిన ఈ నవలలో మంత్రమంటే పేరే. ప్రతి వస్తువుకూ, ప్రతి ప్రాణికీ ఒక నిజనామం ఉంటుంది, అది తెలిసినవాడికి దానిపై అధికారం ఉంటుంది, అందుకే అక్కడి మనుషులు తమ నిజనామాన్ని ప్రాణంలా దాచుకుంటారు. గెడ్‌ను లోకమంతా స్పారోహాక్ అనే పిలుస్తుంది. ఇప్పుడు రచయిత్రి ముందుగానే వేసి ఉంచిన ఆనవాళ్లను చూడండి. ఆ నీడకు పేరు లేదని, గెడ్ చదువుకున్న రోక్ మంత్ర విద్యాలయాధిపతి చెబుతాడు. కానీ పెండార్ దీవిలోని ముసలి డ్రాగన్ దాని పేరు చెబుతానని గెడ్‌కు ఆశ చూపుతుంది. పేరే లేనిదైతే డ్రాగన్ చెప్పగలిగేదేమిటి? ఆ తరువాత ఆస్‌కిల్ దీవిలో, మరొకరి శరీరంలో దూరిన నీడ అతన్ని ‘గెడ్’ అని నిజనామంతో పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపుతో అతని శక్తి కట్టుబడిపోతుంది. నా దృష్టిలో నవలకంతటికీ కీలకమైన క్షణం ఇదే, అయితే అక్కడి పరుగు ఉద్ధృతిలో మనం దాన్ని ఒక భయానక ఘటనగా మాత్రమే చదివి దాటిపోతాం. అతి కొద్దిమంది ఆప్తులకు తప్ప తెలియని పేరు దానికెలా తెలిసింది? అది అతని పేరే కనుక, తన పేరు కూడా అదే కనుక తెలిసింది.

పారిపోవడం మాని దానివైపు తిరగమని గురువు ఓగియన్ చెప్పిన దగ్గరనుంచి వేట దిశ మారుతుంది. గెడ్ తరుముతున్నకొద్దీ నీడకు అతని పోలికలే వస్తాయి. మిత్రుడు వెచ్ దాన్ని దారిలో చూసి గెడ్ అనే అనుకుంటాడు. ఇన్ని ఆనవాళ్ల తరువాత చివర్లో కత్తియుద్ధమో మంత్రయుద్ధమో పెట్టి, గెడ్ చేత ఆ నీడను చంపించి ఉంటే, అతను తన అహంకారాన్నీ అసూయనూ మరణభయాన్నీ పరాయివిగా ఎంచి వదిలించుకున్నట్లయ్యేది. తోటి విద్యార్థి జాస్పర్ మీద అసూయతో, నలుగురిలో గొప్పవాడినని నిరూపించుకోవాలన్న పంతంతో చేసిన పనినుంచి పుట్టిన నీడ అది. అతను దానికి తన పేరు పెట్టడం దాటవేత కాదు, ఆ తప్పు నాదేనని సంపూర్ణంగా ఒప్పుకోవడం. అంతకంటే కష్టమైన పని ఆ నవలలో అతను మరొకటి చేయలేదు, డ్రాగన్లతో పోరాడినప్పుడు కూడా. తూర్పు సముద్రంలో చివరి ప్రయాణం మరీ నింపాదిగా సాగిందని మీరు అని ఉంటే మాత్రం నేను వాదించేవాడిని కాను.

స్త్రీల విషయానికొస్తే, మీరు అన్నదానికంటే స్థితి ఇంకా తీవ్రం. రోక్ విద్యాలయంలో ఆడవారికి ప్రవేశమే లేదు. ఆడవారి మంత్రం బలహీనమైనదనీ, దుష్టమైనదనీ గెడ్ పుట్టిన దీవిలో సామెతలే ఉన్నాయి. అతనికి తొలి మంత్రాలు నేర్పిన తల్లి సోదరిని కథ త్వరగా పక్కన పెట్టేస్తుంది. రచయిత్రి తరువాతి కాలంలో ఈ లోపానికి ఎదురు నిలబడ్డారు. ఇరవై రెండేళ్లు గడిచాక, 1990లో, ‘టెహాను’ అనే నవలలో అదే లోకాన్ని నడివయసు వితంతువు టెనార్ కళ్లతో, కాలిన గాయాలతో బతికిన ఒక చిన్నపిల్ల పక్కన నిలబడి మళ్లీ చూపారు. తన పాత లోకాన్నే ఇంత నిర్దయగా తిరిగి ప్రశ్నించిన రచయితలు అరుదు, అందుకే ఆమె మీద నాకు అపారమైన గౌరవం.

కాబట్టి తప్పక చదవండి, కానీ నేరుగా ‘టెహాను’కు వెళ్లవద్దు. ముందు ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ తీసుకోండి. చీకటి సమాధుల మధ్య పూజారిణిగా పెరిగిన బాలిక టెనార్ కథ అది, అందులో గెడ్ చాలాసేపటికి గానీ కనిపించడు. మీరు చదివిన నవలలో నిర్జన ద్వీపంలోని ముసలామె గెడ్ చేతిలో పెట్టిన విరిగిన ఉంగరపు ముక్క ఏమిటో అక్కడే తెలుస్తుంది. దాని తరువాత ‘ది ఫార్దెస్ట్ షోర్’ పూర్తి చేసి ‘టెహాను’కు రండి. గెడ్ ఏం పోగొట్టుకున్నాడో ముందే తెలిసి ఉంటేనే ఆ నవల బరువు మీకు అందుతుంది.