సెట్ చేయించిన రెండు రోజులకే మళ్లీ నొప్పి.. ఎముక జారిందా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండో కాన్పు నార్మల్‌గానే అయింది, ఏడు నెలలవుతోంది. అప్పటి నుంచి నడుం కింద, కుడి పిర్ర పైన ఒకటే నొప్పి. మంచం మీద పక్కకు తిరగాలన్నా, ఆటో ఎక్కాలన్నా ప్రాణం పోతోంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఎముక జారిందంటే ఒకాయన దగ్గర రెండుసార్లు సెట్ చేయించుకున్నా. రెండు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలైంది. ఇంకోసారి వెళ్లాలా? ఎంఆర్ఐ తీయించాలా? మా అత్తమ్మది మర్రిగూడ వైపు, 61 ఏళ్లు. నడుం కట్టెలా బిగుసుకుపోయింది. ఆమెనూ అక్కడికే తీసుకెళ్దామంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ఎముక జారలేదు. ముందు ఆ భయం వదిలేయండి. మీరు చెప్పిన చోట వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికీ తుంటి ఎముకకీ మధ్య ఒక కీలు ఉంటుంది. దాన్ని ఎస్ఐ జాయింట్ అంటాం. అది కదిలేదే రెండు మూడు డిగ్రీలు. చుట్టూ చాలా గట్టి లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టే పట్టీలు ఉంటాయి. 1998లో స్వీడన్‌లో పది మంది ఎముకల్లో చిన్న లోహపు పూసలు అమర్చి, సెట్ చేయకముందు, చేశాక ప్రత్యేక ఎక్స్‌రేలతో కొలిచి చూశారు. చేసినవాళ్ల చేతికి 'సరైంది' అనిపించింది గానీ ఎముక ఉన్నచోటే ఉంది.

మరి ఆ రెండు రోజుల హాయి ఎక్కడిదంటే, చేతివైద్యంతో బిగిసిన కండరాలు వదులవుతాయి, నొప్పి తీవ్రత దిగుతుంది. అది నిజమైన ఉపశమనమే. కానీ నడిచేటప్పుడు ఆ కీలును బిగించి పట్టాల్సింది పొత్తికడుపు లోపలి కండరం, మూత్రం ఆపుకునే అడుగు కండరాలు, వెన్నెముక పక్క కండరాలు, పిర్ర కండరాలు. గర్భంతో, కాన్పుతో అవి సాగి నీరసిస్తాయి. వాటికి పని నేర్పకపోతే ఎన్నిసార్లు సెట్ చేయించినా నొప్పి తిరిగొస్తుంది. నొప్పి తగ్గిన ఆ ఒకటి రెండు రోజులే వ్యాయామం మొదలుపెట్టడానికి మంచి సమయం.

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కుడికాలు జానెడు ఎత్తండి. కాలు రాయిలా బరువుగా ఉంటుంది. ఇప్పుడు మీ ఆయన్ని తుంటికి రెండు పక్కలా అరచేతులు పెట్టి లోపలికి అదమమనండి. మళ్లీ ఎత్తండి. కాలు తేలిగ్గా లేస్తే లోపం పట్టులోనే ఉందని అర్థం. అలాంటివాళ్లకు వ్యాయామం, బెల్టు బాగా పనిచేస్తాయి.

చేతివైద్యం కావాలంటే బీపీటీ లేదా ఎంపీటీ చదివిన ఫిజియోథెరపిస్టు దగ్గరికే వెళ్లండి. ఒక్కసారిగా విరవకుండా కీలును మెల్లగా కదుపుతారు. మీరు మోకాలితో వాళ్ల చేతిని పావు బలంతో ఐదారు సెకన్లు నెట్టి వదలడం, ఇలా నాలుగైదుసార్లు చేయిస్తారు. నాలుగు సిట్టింగులకూ తేడా లేకపోతే ఐదోది కొనకుండా రోగనిర్ధారణే మళ్లీ చూడమనండి.

మొదటి వ్యాయామం చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, అసలు కీలకం అదే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచండి. తుంటి ఎముక ముందు మొనల నుంచి రెండు వేళ్ల వెడల్పు లోపలికి వేళ్లు ఆనించండి. ఊపిరి వదులుతూ మూత్రం ఆపుకున్నట్టు బిగించి, బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి లాగండి. వేళ్ల కింద సన్నగా బిగువు తగలాలి. వేళ్లను పైకి తోస్తే బలం ఎక్కువైనట్టు. పదికి మూడు వంతుల బలం చాలు. పది సెకన్లు పట్టండి, ఊపిరి మాత్రం ఆపొద్దు. పదిసార్లు, రోజుకు రెండు పూటలా. చాలామంది దీన్ని వారానికే వదిలేసి పెద్ద వ్యాయామాలకు పోతారు. లోపలి పట్టు రాకుండా సిట్‌అప్స్ చేస్తే కడుపు ఉబ్బి, ఒత్తిడంతా కిందికి దిగి నొప్పి పెరుగుతుంది.

రెండు వారాలకు ఆ బిగువుతోనే పిర్రలు పైకి లేపండి. మడమలు పిర్రలకు జానెడు దూరంలో ఉండాలి. దూరం పెడితే తొడ వెనక పిక్క పట్టినట్టు పట్టేస్తుంది. ఐదు సెకన్లు, పదిసార్లు. తర్వాత ఎడమవైపు పడుకుని, మడమలు కలిపి ఉంచి కుడి మోకాలు తెరవండి, పన్నెండుసార్లు. వీపు గోడకు ఆనించుకుంటే తుంటి వెనక్కి దొర్లదు. నెలన్నరకు చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక్కో కాలూ వెనక్కి చాపండి. నడుం మీద సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టించుకోండి. గ్లాసు ఒరిగితే నడుం తిరిగిందన్నమాట, కాలు అంత దూరం చాపొద్దు. చేశాక మామూలు కండరాల నొప్పి ఒక రోజులో పోతుంది. మర్నాటికీ పాత నొప్పే ఎక్కువగా ఉంటే అంతకు ముందు చేసిన తేలిక మెట్టుకు దిగండి.

నార్వేలో కాన్పు తర్వాత ఇలాంటి నొప్పి ఉన్న మహిళలతో వారానికి మూడు రోజులు, దాదాపు 20 వారాలు ఈ తరహా వ్యాయామం చేయించారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో మామూలు ఫిజియోథెరపీ పొందినవాళ్ల కంటే వీళ్లకు బాగా తగ్గింది. రెండేళ్ల తర్వాత చూసినా ఆ మేలు నిలిచింది. అంటే మీకూ నాలుగైదు నెలల ఓపిక కావాలి.

బెల్టు కడితే నడికట్టులా బొడ్డు మీద కట్టొద్దు. తుంటి ముందు మొనల కింద, తొడ పక్క ఎముకకు పైన రావాలి. నడిచేటప్పుడు, పని చేసేటప్పుడే, పడుకుంటే విప్పేయండి. బిందె నడుం మీద పెట్టడం, బిడ్డను ఒకే పక్క ఎత్తుకోవడం రెండూ ఆ కీలు మీదే బరువు వేస్తాయి. బిడ్డను ఎదకు ఆనించి ఎత్తుకోండి. ఆటో ఎక్కేటప్పుడు మొదట సీటు మీద కూర్చుని, తర్వాత మోకాళ్లు కలిపి రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పండి. మంచం మీదా అంతే, మోకాళ్లు కలిపే దొర్లాలి. లంగా నిలబడి కాకుండా కూర్చుని వేసుకోండి. నాట్లకు రెండు నెలలు వెళ్లొద్దు.

ఎంఆర్ఐ ఇప్పుడు అక్కర్లేదు. కాలు బలం తగ్గినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, పొద్దున అరగంటకు పైగా బిగుసుకుని తిరిగితే సర్దుకుంటున్నా చెప్పండి, అప్పుడు పరీక్షలు మారతాయి. మూత్రం ఆగిపోయినా, మల మూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారినా అదే రోజు పెద్దాస్పత్రికి వెళ్లాలి.

అత్తమ్మ విషయం వేరు. ఆమెను మాత్రం అక్కడికి తీసుకెళ్లొద్దు. మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన వాళ్లకు ఫ్లోరైడ్ వల్ల ఎముక మందమై, లిగమెంట్లు సున్నం పేరుకుని గట్టిపడొచ్చు, వెన్నుపాము ఉండే దారీ ఇరుకు కావచ్చు. దీన్నే ఫ్లోరోసిస్ అంటాం. అలాంటి నడుంను గట్టిగా విరిచినా, మెడ తిప్పినా, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించినా వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోవచ్చు. నడుంతో పాటు ముంజేయి ఎక్స్‌రే కూడా తీయించండి. అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడితే ఫ్లోరోసిస్ గుర్తుపట్టడం తేలిక. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షా చేయించండి. ఆమెకు ఛాతీ నిండా ఊపిరి తీసుకోవడం, వీలైనంత మేర కీళ్లు కదపడం చాలు. నడుస్తుంటే కాళ్లు బిర్రబిగుస్తున్నా, కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలియకపోతున్నా, ఈ వారంలోనే న్యూరో డాక్టరుకు చూపించండి.