మేకు తుప్పు పట్టలేదు.. అయినా టీటీ వేయించాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మా నాయనకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. మూడు రోజుల కిందట దిబ్బలో పేడ ఎత్తుతుంటే రబ్బరు చెప్పులోంచి మేకు అరికాల్లో దిగింది. రక్తం పెద్దగా రాలేదు. పసుపు, సున్నం పెట్టి గుడ్డ బిగించి కట్టుకున్నాడు. నిన్నటి నుంచి నొప్పి ఎక్కువైంది. ఆస్పత్రికి రమ్మంటే 'మేకు తుప్పు పట్టింది కాదు, టీటీ ఎందుకు' అంటున్నాడు. మాకు గోబర్ గ్యాస్ ప్లాంటు కూడా ఉంది. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా లాంటివే అందులోనూ ఉంటాయని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి అమ్మ ఆ పొయ్యి వెలిగించాలంటేనే భయపడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ఇది చదవగానే ఆ గుడ్డ విప్పండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కాలు కడిగి, ఈ రోజే మీ నాయనను ఆస్పత్రికి తీసుకెళ్లండి. మూడు రోజులైంది కదా, ఇప్పుడు టీటీ వేసి ఏం లాభం అనుకోవద్దు. ధనుర్వాతం లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడతాయి. ఇంకా సమయం ఉంది.

రక్తం రాలేదు కాబట్టి చిన్న గాయమే అని మీ నాయన ధైర్యంగా ఉన్నారు. నాకు టెన్షన్ అక్కడే. కొడవలితో తెగితే గాయం తెరుచుకుంటుంది, రక్తం కారి మట్టి కొంత కొట్టుకుపోతుంది, గాలి తగులుతుంది. మేకు గాయం పైన చిన్న చుక్కలా ఉండి లోపల లోతుగా ఉంటుంది. పైనుంచి మూసుకుపోతుంది. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియాకు గాలి పడదు. అందులోని ఆక్సిజనే దానికి విషం. మట్టిలో, పశువుల పేడలో అది గట్టి విత్తనం లాంటి రూపంలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఆ విత్తనాన్ని మేకు లోపలికి దించింది. పైన సున్నం మెత్తి గుడ్డ బిగిస్తే దానికి కావలసిన చోటు మనమే ఇచ్చినట్టు అవుతుంది. తుప్పుకు ఈ జబ్బుతో సంబంధం లేదు. తుప్పు పట్టిన మేకు మట్టిలో చాలాకాలం పడి ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మీ నాయనకు గుచ్చుకున్న మేకు ఉన్నది పేడ దిబ్బలో. అంతకంటే అనుమానించాల్సిన చోటు ఇంకొకటి లేదు.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ధనుర్వాతం రోగులను చూశాను. గదిలో వెలుతురు లేకుండా కిటికీలు మూసి ఉంచేవాళ్లం. తలుపు చప్పుడైనా చాలు, ఒళ్లంతా బిగుసుకుని వీపు విల్లులా వంగిపోయేది. స్పృహ మాత్రం పోదు, ఆ బాధంతా మనిషికి తెలుస్తూనే ఉంటుంది. సమయానికి టీకా వేయించుకుంటే ఆగే జబ్బు ఇది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆస్పత్రిలో ముందు గాయాన్ని కొద్దిగా తెరిచి లోపలిదాకా శుభ్రం చేస్తారు. మేకుతో పాటు చెప్పు రబ్బరు ముక్క లోపలికి పోయి ఉండొచ్చు. ఆ సంగతి మీరే డాక్టరుకు చెప్పండి. ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, అది డిఫ్తీరియాకు కూడా పనిచేస్తుంది. ఇలాంటి మురికి గాయానికి, చివరి డోసు వేసి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. ఎప్పుడూ వేయించుకోలేదంటే, లేక గుర్తులేదంటే, టీడీతో పాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. నెల తర్వాత రెండో డోసు, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది మరిచిపోవద్దు. షుగర్ కూడా చూపించండి. షుగర్ ఉన్నవాళ్ల కాలి గాయంలో గాలి అక్కర్లేని బ్యాక్టీరియా, గాలి కావలసినవి కలిసి పెరుగుతాయి. కాలు నల్లబడినా, దుర్వాసనతో రసి కారినా, ఓర్చుకోలేనంత నొప్పి పుట్టినా, చర్మం నొక్కితే చిటపటమన్నా అది కండను కుళ్లబెట్టే గ్యాస్ గ్యాంగ్రిన్ కావొచ్చు. దవడ బిగిసినా, మింగడం కష్టమైనా ధనుర్వాతం అనుకోవాలి. ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి నేరుగా అనంతపురం సర్వజన ఆస్పత్రికి రండి. గంటలు కూడా లెక్కే.

ఇక అమ్మ భయం. గాలి లేకుండా బతికే జీవులు ఉన్నాయని 1861లో లూయీ పాశ్చర్ చెప్పాడు. వాటిలో మనిషిని చంపేవి కొన్నే. మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం ఆ కోవవే, తిండి అరగడానికి సాయం చేస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మందుగుండుకు కావలసిన అసిటోన్‌ను ఇలాంటి బ్యాక్టీరియాతోనే తయారు చేశారు. మీ గోబర్ గ్యాస్ ప్లాంటులో అవి జట్టుగా పనిచేస్తాయి. ఒక రకం పేడను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది, మరో రకం ఆ వచ్చినవాటి నుంచి మీథేన్ తీస్తుంది. ఈ రెండో రకం నిజానికి బ్యాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే కోవ సూక్ష్మజీవులు. సుమారు 35 డిగ్రీల వేడి వాటికి బాగా నచ్చుతుంది, అందుకే చలికాలంలో మీకు గ్యాస్ తగ్గుతుంది. మంటలో నుంచి ధనుర్వాతం రాదు. అమ్మను నిశ్చింతగా వంట చేసుకోమనండి. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు మాత్రం ప్లాంటులోకి పోనివ్వకండి, ఆ జీవులు చచ్చిపోతాయి.

ప్లాంటు నుంచి బయటికొచ్చే స్లర్రీ పొలానికి మంచి ఎరువు. కానీ ధనుర్వాతం విత్తనాలు అందులో చావవు. కాబట్టి చేతికి, కాలికి గాయం ఉంటే దాన్ని ముట్టకండి. ప్లాంటు గుంతలోకి దిగి శుభ్రం చేసే పని ఎవరూ పెట్టుకోకండి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు అక్కడ నిలిచి ఉంటుంది. ఎక్కువైనప్పుడు ఆ వాసన కూడా తెలియదు. పడినవాళ్లను కాపాడబోయి దిగినవాళ్లు కూడా పోయిన సంఘటనలు ఎన్నో.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు నాయన వేసుకునే షుగర్ మాత్రల చీటీ తీసుకెళ్లండి. అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. రోజూ ఒట్టి చేతులతో పేడ కలిపేది ఆమే అయితే, గత పదేళ్లలో టీటీ వేయించుకుని ఉండకపోతే, ఆమెకూ ఆ రోజే వేయించండి.