మొదటి కచేరీకి ముందు

విజయనగరం

చిరంజీవి మనవరాలికి శుభాశీస్సులు.

శ్రీకాకుళంలో నీ మొదటి పూర్తి కచేరీకి ముఖపరిచయమైనా లేని విద్వాంసులు వయొలిన్, మృదంగం వాయించబోతున్నారని, ఏం చేయాలో తోచడం లేదని రాశావు. పాటల వరుస మీ గురువుగారు చూసుకుంటారు గనుక, పక్కవాద్యాల సంగతే రాస్తాను.

నా పాట మొదలైంది భజన గోష్ఠిలో. పదిమంది గొంతుల మధ్య తాళాలు వాయిస్తూ పాడడం నేర్చుకున్నదాన్ని, తీరా తంబురా ముందు ఒంటరిగా సాధన చేసిన నాలుగేళ్లలో ఆ అలవాటు పోగొట్టుకున్నాను. మొదటి కచేరీలో తోడి రాగం చాలాసేపు ఆలాపన చేసి, వయొలిన్ మాస్టారికి వంతు ఇవ్వకుండానే కృతి ఎత్తుకున్నాను. తీగ మీదికి తెచ్చిన కమానును ఆయన మారుమాట లేకుండా మోకాలి మీదికి దించడం ఈనాటికీ నా కళ్లకు కట్టినట్టుంది. తరువాత స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడేటప్పుడు, నేను ఎత్తుగడ (తాళంలో పల్లవి అందుకోవలసిన చోటు) తప్పితే, పల్లవి మొదటి స్వరాన్ని సన్నగా అందించి గట్టెక్కించింది కూడా ఆయనే.

పక్కవాద్యమనే మాటే మనల్ని మోసగిస్తుంది. 1919లో మన ఊళ్లో వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన తరువాత 1936లో ఆ పీఠం ఎక్కినవారు వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. గాయకుల పీఠం వయొలిన్‌కు దక్కిన ఊరి పిల్లవు నువ్వు, ఆ సంగతి గుర్తుంచుకో.

నీ శ్రుతి ఎన్ని కట్టైలో (శ్రుతి హెచ్చుతగ్గులు చెప్పే కొలత అది) మృదంగం వారికి ఇప్పుడే ఫోనులో చెప్పు, ఎందుకంటే హెచ్చు శ్రుతికి వేరే మృదంగం తెచ్చుకోవలసి ఉంటుంది. గంట ముందే చేరి, ఏ కృతికి ఎత్తుగడ ఎక్కడో, ఎక్కడ నెరవు చేస్తావో, అంటే ఏ పంక్తిని పట్టుకుని రకరకాలుగా విస్తరించి పాడతావో, ఇద్దరికీ చెప్పు. ఆలాపనలో ఒక స్వరం మీద నిలిచినప్పుడు వయొలిన్ నువ్వు పాడినదాన్ని పూర్తిగా పలికేదాకా ఆగి, విను. ఆ జవాబులో నీకు తట్టని దారి ఒకటి దొరకవచ్చు. దాన్ని అందుకుని పాడడానికి నామోషీ పడకు. బాగుంటే భేషని పైకే అను. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో ఫ్లాస్కు మూత తీయడం, పుస్తకం తిరగేయడం నాకు గిట్టవు (పేరున్న వాళ్లూ చేస్తారనుకో). నువ్వు మాత్రం చివరిదాకా తాళం వేస్తూ, మూడుసార్లు వచ్చే తీర్మానాన్ని, అంటే ముగింపు జతిని, వెన్నంటి ఉండి, సరిగ్గా ఎత్తుగడలో పల్లవి అందుకో.

మృదంగం ఎడమ మూతకు నాదం కోసం అద్దే రవ్వ ముద్ద తడపడానికి మృదంగం వారికి నీళ్లు కావాలి. నిర్వాహకుల కోసం చూడకుండా ఆ చెంబేదో నువ్వే తెచ్చి ఆయన పక్కన పెట్టు.

ఆశీస్సులతో,
మీ మామ్మ